లోపలికి పెరిగిన వెంట్రుక

ఫిబ్రవరి 3, సోమవారం

పొద్దున దమయంతి గారు వచ్చారు. బర్కత్‌పుర నుంచి పద్దెనిమిదేళ్ళుగా, మా ఇంటి ముందు హాల్లో నడిపే నా పార్లర్‌కు వస్తున్న మనిషి. నారాయణగూడలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతారు. చంకలో సెగగడ్డ లేచింది. పోయిన నెల వ్యాక్సింగ్ చేసినప్పుడు సగంలో తెగిన వెంట్రుక లోపలికే తిరిగి పెరిగింది. "అరుంధతీ, జర చూసి తీసెయ్యి. బోర్డు మీద రాద్దామంటే చెయ్యి లేస్తలేదు" అన్నారు. సూదితో పైపొర తెరిచాను. చీము వచ్చింది, దాని వెనక వెంట్రుక. లేచి జాకెట్ సర్దుకుంటూ "నీ చేతిల ఏదో ఉంది" అన్నారు. పొగడ్త కాబట్టి రాసుకుంటున్నాను.

ఆమె మెట్లు దిగుతుండగానే శ్రీదివ్య వచ్చింది. అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి గవర్నమెంటు ఉద్యోగానికి చదువుకుంటున్న పిల్ల. నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. పది రోజులకోసారి వస్తుంది. రూమ్మేట్‌తో లైబ్రరీకి పోతున్నానని చెప్పి, ముక్కు దాకా చున్నీ కప్పుకుని, చిక్కడపల్లి మెయిన్ రోడ్డు వదిలేసి, మా వెనక సందులోంచి. గడ్డం మీద ఆ పిల్లకు వెంట్రుకలు మగపిల్లలకు వచ్చినట్టు నల్లగా, మందంగా వస్తాయి. ఆ మాట ఆమె నోట ఒక్కసారి కూడా వినలేదు. గడ్డం అంటే మగవాళ్ళ గడ్డం గుర్తొస్తుందేమో, "కింద" అంటుంది. "అక్కా, కింద జర చెయ్యి."

ఈ రోజు రెండు చోట్ల చర్మం కింద నల్లటి చుట్టలు కనిపించాయి. ఒకటి గడ్డం మధ్యలో, ఇంకొకటి పై పెదవి ఎడమ కొస మీద. ఎర్రగా, చిన్న శనగగింజంత.

"ఇవి తీస్తవా అక్కా? లోపల ఎవరో గీకుతున్నట్టే ఉంది. చదువు మీద మనసు పెడ్తలేను."

తీశాను. నిజం చెప్పాలంటే ఈ పని నాకు ఇష్టం. ఐబ్రోస్ ఎవరైనా చేస్తారు. చర్మం కింద ఎటు తిరిగిందో కనిపెట్టి, సూది మొనతో కొస పట్టుకుని లేపితే, గడియారం స్ప్రింగులాగా విప్పుకుంటూ వస్తుంది. అది వచ్చే క్షణంలో నాకు ఊపిరి ఆగుతుంది. శ్రీదివ్య కళ్ళలో నీళ్ళు, పెదవి మీద నవ్వు. పరీక్ష మార్చి రెండో వారంలోనట.

సూది, ప్లక్కర్ రెండూ స్పిరిట్‌తో తుడిచాను.

ఫిబ్రవరి 6, గురువారం

శ్రీదివ్య ఫోన్ చేసింది. పెదవి దగ్గర వాచిందట. ఐసు పెట్టుకొమ్మన్నాను.

ఫిబ్రవరి 7, శుక్రవారం

దమయంతి గారికి జ్వరం. చంకలో గడ్డ పెద్దదై డాక్టర్ దగ్గర కోయించుకున్నారట. చీము పరీక్షకు పంపారట. ఫోన్‌లో ఆమే అన్నారు: "నాదే బుద్ధి తక్కువ. ముందే డాక్టర్ దగ్గరికి పోవాల్సింది. బాగ ముదిరినంక నీ దగ్గరికి వచ్చిన."

అవునండీ అన్నాను.

అవును. ముదిరాకే వచ్చారు. నేను సూది పెట్టకముందే అందులో చీము ఉంది.

ఫిబ్రవరి 8, శనివారం

శ్రీదివ్య మాస్కు పెట్టుకుని వచ్చింది. తీసి చూపించింది. గడ్డం మీది పుండు ఎండుతోంది. పెదవి కొస మీదిది మాత్రం గట్టిగా, వేడిగా ఉంది. వేలు పెడితే ఆ పిల్ల కుర్చీలో పైకి లేచింది.

"ముట్టకు అక్కా."

"ఒక్క నిమిషం. లోపల ముక్క మిగిలిందేమో. అది వస్తే తగ్గుతది."

పిండాను. పిండకుండా ఉండాల్సింది. కొంచెం రక్తం, కొంచెం చీము. వెంట్రుక లేదు. మళ్ళీ పిండాను, రెండో వైపు నుంచి. మూడోసారి ఆమె నా మణికట్టు పట్టుకుంది. అప్పుడు ఆపాను.

అల్మారాలో ఉన్న ట్యూబు ఇచ్చాను. మెడికల్ షాపులో అందరికీ ఇచ్చేదే. దురద, ఎరుపు, మచ్చ అన్నిటికీ పనిచేస్తుంది. పూటకోసారి రాసుకో అన్నాను. డాక్టర్ దగ్గరికి పోనా అని అడిగింది. పోతే ఎందుకు వచ్చిందో చెప్పాలి కదా అని ఆమే మళ్ళీ అంది.

"ఏమని చెప్పాలె అక్కా? మా రూంల సంయుక్త తోలుకపోతనంటది. ఆమె ముంగట డాక్టర్ అడిగితే?"

మొటిమ గిల్లుకున్నానని చెప్పు అన్నాను.

ఆమె పోయాక చాలాసేపు చేతులు కడుక్కున్నాను. సోమవారం సూది స్పిరిట్‌తో తుడిచే పెట్టాను. నాకు బాగా గుర్తు.

ఫిబ్రవరి 10, సోమవారం

తగ్గింది! ఫోటో పంపింది. ఎరుపు సగానికి సగం పోయింది. "నీ ట్యూబు మంచిగ పనిచేసిందక్కా" అని రాసింది. నాలుగు రోజుల తర్వాత ఈ మధ్యాహ్నం కడుపునిండా తిన్నాను.

ఫిబ్రవరి 12, బుధవారం

ఒక అమ్మాయి వచ్చింది. భుజానికి పుస్తకాల బ్యాగు, చేతిలో హెల్మెట్. పేరు సంయుక్త అని చెప్పింది. శ్రీదివ్య రూమ్మేట్.

"అక్కా, శ్రీదివ్య మీ దగ్గరికి వస్తది కదా? ఆమె ఫోన్ల మీ నంబర్ చూసిన. నిన్నటి సంది జ్వరం. మూతి ఇంత లావు వాచింది, కన్ను కింది దాక వచ్చింది. అడిగితే మొటిమ గిల్లుకున్న అంటది. మీరేమన్న చేసిన్రా ఆమె ముఖానికి? ఫేషియల్ అట్ల?"

కుర్చీలో ఇంకొకామె ఉంది, జుట్టుకు రంగు వేస్తున్నాను. అద్దంలోంచి మమ్మల్నిద్దరినీ చూస్తోంది.

"ఐబ్రోస్ చేస్తానమ్మా. అంతే" అన్నాను.

"అంతేనా?"

"అంతే."

ఆ అమ్మాయి పార్లర్ అంతా ఒకసారి చూసింది. నీలం లైటు డబ్బాను కూడా చూసింది. దాంట్లో పెడితే క్రిములు చస్తాయని కొన్నప్పుడు చెప్పారు. దసరా నుంచి లైటు వెలుగుతోంది గానీ లోపల వేడి పుట్టడం లేదు. బయటికి మాత్రం నీలంగా బాగానే కనిపిస్తుంది.

డాక్టర్ దగ్గరికి తీసుకుపో అని చెప్పాను. అది చెప్పాను కదా. చెప్పాల్సింది చెప్పాను.

ఫిబ్రవరి 13, గురువారం

మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

పన్నెండున్నరకు మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఆడవాళ్ళ నడక కాదు. తలుపు దాకా వచ్చి ఆగిపోయింది. పరదా తీసి చూస్తే అరవై దగ్గర పడిన మనిషి, తెల్ల అంగీ, భుజం మీద తువ్వాల, చేతిలో ఒక ఫోన్. ఆడవాళ్ళ పార్లర్ అని లోపలికి రాలేదు. గడప బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"నా పేరు మొగిలయ్యమ్మా. శ్రీదివ్య నాయినను."

స్టూలు బయట వేశాను. కూర్చున్నాడు.

"నిన్న దవఖానల పెట్టినం. పెద్ద దవఖాననే. సూదులు ఏస్తనే ఉన్నరు, జ్వరం దిగుతలేదు. ఎడమ కన్ను మూసుకపోయింది. పొద్దున నన్ను గుర్తువట్టలే. డాక్టరమ్మ ఎట్లైందని అడిగితే సంయుక్త మొటిమ అని చెప్పింది. ఒక్క మొటిమకు ఇట్లైతదా తల్లీ?" బిడ్డ ఫోన్ నా వైపు చాపాడు. "దీంట్ల మొన్నటి సంది నీ పేరే ఎక్కువున్నది. అరుంధతక్క అని. నీకేమన్న చెప్పిందా? ఏమన్న తిన్నదా, ఏమన్న పూసుకున్నదా?"

నోరు తెరిచాను. నా నోట్లోంచి "నాకేం తెలియదండీ" అని వచ్చింది.

ఆయన తలూపాడు. నమ్మాడు. అది చూస్తూ నిలబడ్డాను. తర్వాత నీళ్ళు అడిగాడు. చెంబుతో ఇచ్చాను. సగం తాగి, మిగతా సగంతో మెట్టు మీద కూర్చుని ముఖం కడుక్కున్నాడు. "మంచిగ చదువుతది నా బిడ్డ" అన్నాడు, నేనేదో కాదన్నట్టు. చెప్పులు వేసుకుని దిగిపోయాడు.

సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి రాగానే చెప్పాను. అంతా కాదు. కొంత.

"నువ్వేమన్న డాక్టర్‌వా?" అన్నారు. "వాళ్ళు అడిగిన్రు, నువ్వు తెల్వదన్నవ్. అయిపాయె. ఎవ్వరన్న మల్ల అడిగితే ఐబ్రోస్ అని చెప్పు. పోలీసులు, పేపరోళ్ళు వస్తే మనం ఈ గల్లీల తల ఎత్తుకోని తిరుగుతమా?"

ఐబ్రోస్ అని ఆయన చెప్పకముందే నేను చెప్పేశాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

నిన్న జరిగింది వరసగా రాస్తాను.

పొద్దున పది గంటలకు నారాయణగూడ పోయాను. అక్కడ చర్మం డాక్టర్ ఇంద్రసేన గారు ఉన్నారు. ఆయన దగ్గరికి పోయింది నిజం చెప్పడానికి కాదు. తెలుసుకోవడానికి. నా తప్పు కాదని ఎవరైనా చెబుతారేమోనని. అది రాయకపోతే ఇది కూడా అబద్ధమే అవుతుంది.

పార్లర్ నడుపుతున్నాననీ, కస్టమర్లకు వెంట్రుకలు లోపలికి పెరుగుతున్నాయనీ, ఎందుకలా అవుతుందనీ అడిగాను. పెద్దమనిషి, ఓపికగా చెప్పారు.

"దారంతోనో ప్లక్కర్‌తోనో గుంజినప్పుడు అన్నీ వేరుతోని రావమ్మా. కొన్ని తోలు లోపలనే తెగుతయ్. తెగిన కొస పదునుగ ఉంటది. మల్ల పెరిగేటప్పుడు దారి దొరక్క పక్కకు తిరిగి సొంత తోలునే గుచ్చుకుంటది. ఒంటికి అది తన వెంట్రుకనే అని తెల్వదు. ముల్లు దిగింది అనుకుంటది. కొట్లాడుతది. ఆ ఎరుపు, ఆ వాపు ఆ కొట్లాటనే."

"మరి ఏం చెయ్యాలె డాక్టర్ గారూ?"

"ఏం చెయ్యొద్దు. అదే కష్టం." నవ్వారు. "నెల రోజులు గుంజుడు బంద్ చెయ్యాలె. గోరువెచ్చటి నీళ్ళల్ల మెత్తటి గుడ్డ ముంచి రోజుకు మూడు నాలుగుసార్లు, పదేసి నిమిషాలు అద్దాలె. చాలా మటుకు అదే బయటికి వస్తది. తవ్వొద్దు, పిండొద్దు. అసలే ఆగలేకపోతే చిన్న కత్తెరతోని పైపైన కత్తిరించుకోవాలె, తోలుకు తగలకుంట. ఆడపిల్లకు గడ్డం మీద మందంగ వస్తున్నయంటే హార్మోన్ల పరీక్ష చేపియ్యాలె. దానికి మందులున్నయ్. సిగ్గుపడేటిది ఏం లేదు."

ఇన్నాళ్ళలో శ్రీదివ్యతో ఆ చివరి మాట నేను ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే ఆమె డాక్టర్ దగ్గరికి పోయేది, నా దగ్గరికి రావడం మానేసేది.

"సూదితో తీస్తే?" అని అడిగాను.

"ఎవరి సూది?"

"నాదే."

"ఒకరికి వాడింది ఇంకొకరికి వాడుతవా? దేంతోని శుభ్రం చేస్తవ్?"

స్పిరిట్ అనబోయాను. స్పిరిట్ సీసా జనవరి నుంచి ఖాళీ. తెప్పించాలని రోజూ అనుకుంటూనే ఉన్నాను. మూడో తారీఖున దమయంతి గారి చంకలోంచి తీసిన సూది దూదితో తుడిచాను. ఉత్త దూదితో. ఆ సూదే శ్రీదివ్య పెదవి మీద పెట్టాను. తుడిచానని ఆ రోజే ఈ పుస్తకంలో రాశాను, ఎనిమిదిన మళ్ళీ గుర్తు చేసుకుని రాశాను. నేను తప్ప ఎవరూ చదవని పుస్తకం ఇది.

డాక్టర్ గారికి అంతా చెప్పేశాను. ఆయన ముఖంలో ఓపిక పోయింది. కుర్చీలో ముందుకు వంగారు.

"ఎక్కడ పెట్టినవ్ సూది? సరిగ్గ ఎక్కడ?"

నా పెదవి మీద వేలు పెట్టి చూపించాను.

"తర్వాత పిండినవా?"

"మూడుసార్లు."

"ముక్కు నుంచి మూతి కొసల దాక ఉన్న ఈ జాగల రక్తనాళాలు తిన్నగ కన్ను వెనకకు, మెదడు దిక్కు పోతయ్. అక్కడ పిండితే చీము లోపలికి తోసినట్టే. ట్యూబు ఏది ఇచ్చినవ్?" పేరు చెప్పాను. కళ్ళు మూసుకున్నారు. "అది ఎరుపును దాచిపెడ్తది. తగ్గినట్టు కనిపిస్తది. లోపల క్రిమి ఆరామ్‌గ పెరుగుతది." ఒక క్షణం ఆగి అడిగారు: "మొదటామె చీము పరీక్షకు పోయిందన్నవ్ కద, రిపోర్టు వచ్చిందా?"

తెలియదన్నాను.

"ఇప్పుడే పో. ఆ కాగితం తీస్కొని సీదా దవఖానకు పో. అది మామూలు మందులకు లొంగని క్రిమి అయితే, ఆ పిల్లకు రెండు రోజుల సంది వాళ్ళు ఎక్కిస్తున్న మందు పని చెయ్యదు. వాళ్ళకు తెల్వదు, వాళ్ళకు మొటిమ అని చెప్పిన్రు. డ్యూటీ డాక్టర్‌తోని నాకు ఫోన్ చేపియ్యి. పో అమ్మా, కూసోకు."

ఆటోలో బర్కత్‌పుర పోయాను. దమయంతి గారు చెయ్యి దిండు మీద పెట్టుకుని హాల్లో కూర్చున్నారు, పరీక్ష పేపర్లు ఎడమ చేత్తో దిద్దుతున్నారు. నన్ను చూసి "ఫోన్ చేస్తే సరిపోవు కద, ఎందుకొచ్చినవ్ ఇంత ఎండల" అని లోపలికి కేకేసి చాయ్ పెట్టమన్నారు. చాయ్ వచ్చేలోపు చెప్పాలనుకున్నాను. నిలబడే చెప్పాను.

ఆమె పెన్ను మూత పెట్టారు.

"పద్దెనిమిదేండ్ల సంది నాకు అదే సూదా?"

"కాదండీ. మారుస్తుంటాను. ఈ మధ్యనే..."

"ఈ మధ్యనే." లేచి బీరువా దగ్గరికి పోయారు. ఒంటి చేత్తో ఫైలు తీశారు. రిపోర్టు బయటికి లాగి చదివారు, తన కోసం చదువుతున్నట్టు. ఏ మందులు పనిచేయవో వరసగా, ఏవి చేస్తాయో కింద. "నాకు రెండు రోజులు ఉత్తగనే ఎక్కించిన్రు. ఇది వచ్చినంక మందు మార్చిన్రు. మార్చినంకనే జ్వరం దిగింది." కాగితం నా చేతిలో పెట్టారు. "ఆ పిల్ల గండం దాటి ఇవతలికి వస్తే చెప్పు. రాకపోతే కూడ నువ్వే వచ్చి చెప్పు. ఫోన్ల వద్దు."

చాయ్ వచ్చింది. తాగకుండా దిగాను.

ఆసుపత్రిలో వార్డు బయట మొగిలయ్య నేల మీద కూర్చుని ఉన్నాడు, పక్కన సంయుక్త. నన్ను చూసి ఆయన లేచి నమస్కారం పెట్టాడు. చూడటానికి వచ్చాననుకున్నాడు. నేను ఆయన్ని దాటుకుని డ్యూటీ డాక్టర్ దగ్గరికి పోయాను. చిన్న వయసు డాక్టరమ్మ. మంచం పక్కనే నిలబడి ఉంది. విడిగా మాట్లాడాలన్నాను. టైం లేదు, ఇక్కడే చెప్పండి అంది. వెనకనే వాళ్ళిద్దరూ వచ్చి నిలబడ్డారు.

శ్రీదివ్య ముఖం ఎడమ సగం నాకు తెలిసిన ముఖం కాదు. కుడి కన్ను కొంచెం తెరిచి ఉంది. మెలకువగానే ఉంది. నన్ను చూసింది. తల అటూ ఇటూ చాలా కొంచెం ఊపింది. చెప్పొద్దు అని. నాకు అర్థమైంది.

చెప్పాను.

"ఇది మొటిమ కాదు డాక్టర్. ఈ అమ్మాయి పది రోజులకోసారి నా దగ్గరికి వచ్చి గడ్డం మీద, పెదవి మీద వెంట్రుకలు తీయించుకుంటుంది. లోపలికి పెరిగిన దాన్ని సూదితో తవ్వాను. అంతకు ముందు అదే సూదితో ఇంకొకరి గడ్డ కోశాను. ఇది ఆమె రిపోర్టు."

డాక్టరమ్మ కాగితం లాక్కున్నట్టు తీసుకుంది. ఒక్క నిమిషంలో నర్సు పరుగెత్తింది. ఫోన్లు. స్కానింగ్ అన్న మాట, కన్ను అన్న మాట వినిపించాయి. శ్రీదివ్య ముఖం గోడ వైపు తిప్పుకుంది. గోడ ఎడమ వైపు ఉంది, వాచిన చెంప దిండుకు ఆనింది. ఎంత నొప్పి పుట్టి ఉంటుందో.

సంయుక్త మంచం అవతలికి పోయి గోడకూ మంచానికీ మధ్య నిలబడి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "పిచ్చిదానా, గీ దానికా?" అంటోంది. "మా అక్కకు కూడ ఉన్నయ్ గవి. గీ దానికా?"

బయటికి వచ్చాక మొగిలయ్య నా వెనక వచ్చాడు. తిడతాడనుకున్నాను. కొడతాడని కూడా అనుకున్నాను.

"నిన్న నేను వచ్చినప్పుడు నీకు ఎరుకనే కదమ్మా?"

ఎరుకే అన్నాను.

"నిన్ననే చెప్పకపోతివి."

అంతే అన్నాడు. వార్డులోకి వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 17, సోమవారం

జ్వరం దిగలేదు. దిగిందా అని అడిగితే సంయుక్త ఒక్క మాట మెసేజ్ పెట్టింది: "లే."

పార్లర్ తెరవలేదు. ఆసుపత్రిలో చెప్పేశానని మా ఆయన నాతో మాట్లాడటం లేదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

లే.

ఫిబ్రవరి 19, బుధవారం

కన్ను వెనక నరంలో రక్తం గడ్డకట్టిందట. కొత్త మందుకు క్రిమి లొంగుతోందట గానీ కన్ను సంగతి చెప్పలేమన్నారట. ఒక రోజు ముందు తెలిస్తే బాగుండేదని డాక్టరమ్మ అందట. సంయుక్త దాన్ని కూడా నాకు రాసింది. రాయకుండా ఉండొచ్చు. రాసింది.

శుక్రవారం పన్నెండున్నరకు మొగిలయ్య అడిగాడు. శనివారం ఒంటిగంటకు చెప్పాను. ఇరవై నాలుగున్నర గంటలు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

జ్వరం దిగింది. నాయినతో మాట్లాడిందట.

బర్కత్‌పుర పోయి చెప్పి వచ్చాను. దమయంతి గారు తలుపు దగ్గరే విన్నారు. మంచిది అన్నారు. లోపలికి రమ్మనలేదు.

మార్చి 5, బుధవారం

నీలం లైటు డబ్బా, సూదులు, ట్యూబులు అన్నీ పారేశాను. బోర్డు దించాను. వార్డు ఆఫీసుకు పోయి నా లైసెన్సు కాగితం ఇచ్చి, ఏం జరిగిందో రాసి సంతకం పెట్టాను. అక్కడ కూర్చున్నాయన రెండుసార్లు చదివి, "మీ మీద ఎవరూ కంప్లైంట్ ఇయ్యలే కదమ్మా?" అన్నాడు. ఇవ్వలేదు. అయినా తీసుకోండి అన్నాను. కోపం తగ్గని మా ఆయన సాయంత్రం నా పళ్ళెంలో అన్నం ఆయనే పెట్టారు.

శ్రీదివ్యను ఊరికి తీసుకుపోయారు. వచ్చే వారం పరీక్ష. రాయదు.

ఏప్రిల్ 19, శనివారం

పదకొండింటికి తలుపు కొట్టారు. పార్లర్ మూసేశామమ్మా అంటూ తీశాను.

శ్రీదివ్య. ఈసారి వెనక సందులోంచి కాదు, ముందు మెట్ల మీదుగా వచ్చింది. మాస్కు ఉంది. సన్నబడింది. పెదవి పక్కన మచ్చ మాస్కు అంచు దాటి కనిపిస్తోంది, లోపలికి గుంజినట్టు. ఎడమ కన్ను నన్ను చూస్తున్నట్టే ఉంది గానీ కొంచెం పక్కకు ఆగుతోంది.

"లోపలికి రావొచ్చా?"

పక్కకు తప్పుకున్నాను. తిన్నగా పోయి పాత కుర్చీలో కూర్చుంది. కుర్చీని అమ్మలేదు, ఎవరూ కొనలేదు.

"మల్ల హాస్టల్‌కు వచ్చిన. నోటిఫికేషన్ పడేటట్టుంది" అంది. "హార్మోన్ల పరీక్ష చేపిచ్చిన్రు. మందులు వాడుతున్న. ఆరు నెలలు పడ్తదట తగ్గెటందుకు. అప్పటి దాక గుంజొద్దు, కత్తెరతోని కత్తిరించుకో అన్నరు." బ్యాగులోంచి చిన్న కత్తెర తీసింది. కొత్తది, అట్టలోనే ఉంది. "నాకు ఎడమ కన్ను సగమే కనిపిస్తదక్కా. అద్దంల చూసుకుంట చేద్దామంటే ఎంత దూరమున్నదో తెలుస్తలేదు. పాత కత్తెరతోని రెండుసార్లు కోసుకున్న."

"సంయుక్త?"

"చేస్తనన్నది. ఆమె చూస్తుంటే నాకు సిగ్గైతది." మాస్కు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నీ ముంగట నాకు సిగ్గేం మిగిలింది?"

కూర్చుందామనుకున్నాను, కూర్చోలేకపోయాను.

"మాఫ్ చేసిన అనుకోకు" అంది. "మా నాయినకు నేను ఈడికొచ్చినట్టు తెల్వదు. నువ్వు ఆ రోజు చెప్పినందుకు కూడ నాకు కోపమే, ముందు చెప్పనందుకు కూడ కోపమే. కానీ ఎవ్వరో ఒకరు చెయ్యాలె కద."

కత్తెర తీసుకుని వంటింట్లోకి పోయాను. గిన్నెలో నీళ్ళు పెట్టాను. నీళ్ళు తెర్లే దాకా పొయ్యి దగ్గరే నిలబడ్డాను. తెర్లాక ఇరవై నిమిషాలు గడియారం చూశాను. హాల్లోంచి చప్పుడు లేదు. వెళ్ళిపోయిందేమో అనుకున్నాను, వెళ్ళిపోతే బాగుండుననీ అనుకున్నాను. కూర్చునే ఉంది.

కిటికీ దగ్గరికి కుర్చీ జరిపి, వెలుతురులో ఒక్కొక్కటీ కత్తిరించాను. చర్మానికి తగలకుండా. ఆమె రెండు కళ్ళూ తెరుచుకునే ఉంది, కత్తెర ఎటు పోతే అటు చూస్తూ. ఇదివరకు నా కుర్చీలో కళ్ళు మూసుకునేది.

మచ్చ దగ్గరికి వచ్చాక ఆగిపోయాను.

మచ్చ కింద అంచున, చర్మం కింద ఒక నల్లటి చుట్ట. చుట్టూ ఇంకా ఎరుపు రాలేదు, అప్పుడే మొదలవుతోంది. ఎటు తిరిగిందో, కొస ఎక్కడుందో నాకు కనిపిస్తోంది. ఒక్క సూది మొన పెడితే వచ్చేస్తుంది. నా వేళ్ళు వాటంతట అవే దగ్గరికి వచ్చాయి. రెండున్నర నెలల తర్వాత, అన్నీ జరిగాక కూడా వచ్చాయి. ఊపిరి ఆగింది. పూర్వంలాగే.

ఆమె నా ముఖం చూస్తోంది. నా ముఖంలో ఏం కనిపించిందో.

"ఉందా?" అంది.

దాయాలనిపించింది. ఆమెను భయపెట్టడం ఎందుకని. ఒక్క క్షణమే.

"ఉంది."

"యాడ?"

"మచ్చ కింద. కొత్తది."

ఆమె పెదవులు బిగిసిపోయాయి. చేతులు కుర్చీ పిడులను పట్టుకున్నాయి. కింద వీధిలో సిటీ బస్సు ఆగి కదిలింది.

"తీస్తవా?"

"తీయను."

కత్తెర అల్మారా మీద, చెయ్యి అందనంత దూరంలో పెట్టాను. గోరువెచ్చటి నీళ్ళు, ఉతికిన మెత్తటి గుడ్డ తెచ్చి ఆమె చేతికే ఇచ్చాను. డాక్టర్ ఇంద్రసేన గారి క్లినిక్ మధ్యాహ్నం మూసి మళ్ళీ అయిదింటికి తెరుస్తారని చెప్పాను. అప్పటి దాకా ఇక్కడే ఉంటానంది. గుడ్డ అద్దుకుంటూ, చల్లారితే మళ్ళీ ముంచుకుంటూ కూర్చుంది. మధ్యలో అన్నం పెట్టాను, తిన్నది.

అయిదింటి దాకా ఆమె ఒక్కసారి కూడా నా చేతుల మీద నుంచి చూపు తిప్పలేదు.